నాలుగో గల్లీ పైకప్పుకు బొంతలు

గనిలోకి దిగిన 41వ ఏడు, ఫిబ్రవరి 3, మంగళవారం

పొద్దున్నే మొదటి ఆశ్చర్యం: సామాను గదిలో మైకులు ఒకటి కాదు, రెండున్నాయి.

నాకు పదహారు నిండి వారమైంది. పదహారు నిండిన ప్రతి ఒక్కరూ పైనుంచి దించిన పాత సామానులోంచి ఒక వస్తువు ఎంచుకోవచ్చు. ఒక్కటే, జన్మకొక్కసారే. ఎదురింటి సత్తెక్క కుట్టుమిషను తీసుకుంది. మా బాపు తన వంతుకు గొడుగు తీసుకున్నాడు. గనిలో వాన పడదు కదా, గొడుగెందుకు బాపూ అంటే ఈ రోజుకీ జవాబు చెప్పడు. నేను మాత్రం ఏడాది నుంచీ మైకు, మైకు అంటూనే ఉన్నాను. బడిలో పాత పాడ్‌కాస్టులు విన్నప్పటి నుంచీ నాకదే పిచ్చి. ఒకామె తన ఇంట్లో కూర్చుని మాట్లాడుతుంది, ఇంకెక్కడో ఎవరో బియ్యం ఏరుకుంటూ వింటారు. మాట అంత దూరం వెళ్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

సామాను గది తాళాలూ, పైకప్పు పుస్తకమూ ఓదేలు మామ దగ్గరే ఉంటాయి. రెండు మైకులూ బల్ల మీద పెట్టాడు. రెండూ యూఎస్‌బీవే, తీగ తగిలిస్తే చాలు. ఒకటి నల్లది, సన్నది. రెండోది వెండి రంగుది, చెంబంత లావు.

బడి కంప్యూటరుకు తగిలించి రెండింట్లోనూ ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాను. నల్లది నోటి దగ్గర పెట్టుకుంటేనే వింటుంది. జానెడు వెనక్కి జరిగితే నా గొంతు నీళ్ళలో మునిగినట్టు పోయింది. వెండిది అలా కాదు. నా ఊపిరి, మామ తాళాల గుత్తి, గల్లీ చివర గాలి ఫ్యాను, గోడ మీంచి కారే నీళ్ళు, అన్నీ పట్టుకుంది.

"నల్లది తీస్కో పిల్లా," అన్నాడు మామ. "ఈడ ఫ్యాను మోత ఎప్పటికీ ఉంటది. గది ఇనకపోవుడే మనకు మంచిది."

"నాకు అన్నీ వినేదే కావాలె మామా."

"అన్నీ ఇంటె తలకాయ నొస్తది. అనుభవంతోని చెప్తున్న."

వెండిదే తీసుకున్నాను. పెట్టెలో ఒక చిన్న పుస్తకం కూడా ఉంది. చేసిన ప్రతి రికార్డింగుకూ చిట్టా రాసి పెట్టుకోండి అని అందులో మొదటి పేజీలోనే ఉంది. అందుకే ఇది మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 9, సోమవారం

ఆరు రోజులుగా మైకు నెత్తిన మాట్లాడుతున్నానని ఈరోజు తెలిసింది. ఇది పక్క నుంచి వినే రకం. పేరు రాసి ఉన్న వైపు నోరుండాలి, వెనక వైపు దానికి చెవుడు. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది, నేనే తిరగేసి చూశాను. బాపు ఫ్యాను డ్యూటీ నుంచి వచ్చి విషయం విని, చాయ్ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. మా ఇంట్లో మేమిద్దరమే. ఆయన నవ్వితే ఇల్లు నిండుతుంది.

నేర్చుకున్నవి: నోటికీ మైకుకూ మధ్య జానెడు దూరం. ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా మాట్లాడితే 'ప', 'ఫ' వచ్చినప్పుడు గాలి కొట్టదు. పైన పల్చటి సాక్సు తొడిగితే ఇంకా మంచిది. చప్పుడు పెంచే గుండీని పావు వంతుకు మించి తిప్పకూడదు.

ఇవన్నీ చేసినా ఒకటి పోలేదు. ప్రతి మాటా రెండుసార్లు వినబడుతోంది. నాలుగు వైపులా రాయి, పైన రాయి. బావిలో నిలబడి మాట్లాడినట్టుంది. దీన్ని ప్రతిధ్వని అంటారని పుస్తకంలో చదివాను. మాట చాలా బాగుంది, వినడానికి మాత్రం దరిద్రంగా ఉంది.

ఫిబ్రవరి 14, శనివారం

పుస్తకంలో పన్నెండో పేజీ: గట్టి గోడలున్న గదిలో మెత్తటి గుడ్డలు వేలాడదీయండి.

మా ఇంట్లో ఉన్న బొంతలన్నీ తీశాను. గోడలకు మూడు కట్టాను. కొంత తగ్గింది కానీ పోలేదు. తల మీద ఉన్న రాయి మాటను వెనక్కి కొడుతోంది. పైకప్పుకు దిగ్గొట్టిన ఇనుప బోల్టులు వరుసగా ఉన్నాయి కదా, వాటి మధ్య తాడు లాగి రెండు పెద్ద బొంతలు పరిచినట్టు కట్టేశాను. కూర్చుని మళ్ళీ రికార్డు చేశాను.

నా గొంతు నేనే గుర్తుపట్టలేదు. ఎవరో నా పక్కన మోకాళ్ళు ఆనించి కూర్చుని చెబుతున్నట్టుంది. ఏడుపొచ్చింది.

మొదటి ఎపిసోడు సాయంత్రం గల్లీ లైనులో పెట్టాను. పేరు 'నాలుగో గల్లీ ముచ్చట'. ముప్పై ఆరిళ్ళలోనూ గోడ స్పీకర్లున్నాయి, ఎవరికి కావాలంటే వాళ్ళు వింటారు.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. చిట్టా అన్నాక రాయాలి.

పొద్దున సైరను కూత అవగానే ఎవరింటి పైకప్పును వాళ్ళు కొసకు ఇనుప పొన్ను తొడిగిన కర్రతో మూడు చోట్ల తడతారు. పైనున్న రాయి అతుక్కుని ఉంటే ఖంగుమంటుంది. 'గట్టి' అని పక్కింటికి వినబడేలా అరవాలి. పక్కింటివాళ్ళు తట్టి వాళ్ళ వంతు అరుస్తారు. అలా ఒకటో ఇంటి నుంచి ముప్పై ఆరో ఇంటి దాకా కేక వెళ్తుంది. చివర ఓదేలు మామ పైకప్పు పుస్తకంలో రాసుకుంటాడు. రాయి లోపల విడిపోతే చప్పుడు ఖాళీ కుండ మీద కొట్టినట్టు వస్తుంది. అప్పుడు అనాల్సిన మాట 'డొల్ల'. రాయి కదలికలు కొలిచే మిషన్లు నేను పుట్టకముందే చెడిపోయాయి. ఇప్పుడు మాకున్నవి కర్రా చెవీ మాత్రమే.

ఈరోజు నేను తడితే ఏ చప్పుడూ రాలేదు. బొంత మీద తట్టినట్టు మెత్తగా వచ్చింది. తాడు విప్పాలంటే స్టూలు కావాలి, టైము కావాలి. బాపు డ్యూటీలో ఉన్నాడు. పదకొండో ఇంటి నుంచి కేక వచ్చి నా దగ్గర ఆగిపోయింది. ఇంకో నిమిషం ఆగితే గల్లీ మొత్తం తలుపుల్లోకి వచ్చేస్తుంది. నిన్నటిదాకా గట్టిగా ఉన్న రాయి ఒక్క రాత్రికి ఏమవుతుంది?

"గట్టి," అని అరిచాను.

మార్చి 2, సోమవారం

తొమ్మిది ఎపిసోడ్లు అయ్యాయి. నీళ్ళ దగ్గర నిలబడితే నన్ను నా పేరుతో కాకుండా 'ముచ్చట పిల్ల' అంటున్నారు. నా పేరు భూలక్ష్మి. గనిలో పుట్టిన పిల్లకు ఇంకేం పేరు పెడతారు?

నేను చెప్పేది పెద్దగా ఏమీ ఉండదు. పైనున్న రోజుల్లో మనుషులు వాడిన వస్తువుల కథలు, వాటిలో కొన్ని నేను కల్పించినవి. అయినా వింటున్నారు. విన్నాక నా గొంతు అంత దగ్గరగా ఎలా వస్తోందని అడిగారు. చెప్పాను. సత్తెక్క మర్నాడే తన ఇంట్లో బొంతలు కట్టేసింది. ఆమెకు మైకు లేదు, పాడ్‌కాస్టూ లేదు.

"నీకెందుకక్కా?" అన్నాను.

"ఎందుకేందే! పక్కింటోళ్ళ గురక వినవడ్తలేదు. పెండ్లయిన కాన్నించి ఇంత సుఖంగ పండుకోలేదు."

ఆమె కుట్టుమిషను ఇప్పుడు తెల్లారింది మొదలు బొంతలే కుడుతోంది. ఈ వారానికి ఇరవై మూడు ఇళ్ళు. గల్లీలో నడుస్తుంటే చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది.

పద్నాలుగో ఇంటి రజితక్క కూడా కట్టించుకుంది. ఆమె భర్త పైన కరెంటు ఇచ్చే ఎండ పలకల దగ్గర రాత్రిళ్ళు పని చేస్తాడు, నెలకోసారి దిగుతాడు. నాలుగు నెలల పాప. పుట్టినప్పటి నుంచీ ఆ పాప గంటకు మించి పడుకోలేదు. ఏ చిన్న చప్పుడైనా రాతి మీద పడి పెద్దదై దాన్ని లేపేసేది. రజితక్క నిలబడే నిద్రపోయేది, ఒకసారి నీళ్ళ వరుసలో బిందెతో సహా పడిపోయింది. బొంతలు కట్టిన మొదటి రోజే పాప నాలుగు గంటలు పడుకుంది. రజితక్క మా ఇంటికొచ్చి నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది.

పొద్దున కేక మాత్రం ఆగకుండా వెళ్తోంది. గట్టి, గట్టి, గట్టి. ఇదివరకటి కంటే తొందరగా అయిపోతోంది.

మార్చి 11, బుధవారం

రజితక్క పాపకు పాడే జోలపాట రికార్డు చేద్దామని మైకు వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఆమె గుసగుసలాడినట్టు పాడుతుంది కాబట్టి గుండీ సగం దాకా తిప్పాను. పాట అద్భుతంగా వచ్చింది. మొదటి చరణంలోనే పాప నిద్రపోయిన ఊపిరి కూడా పడింది.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లలో వింటే పాట వెనక ఒక చప్పుడు. పటుక్. కొంచెం ఆగి మళ్ళీ పటుక్, పటుక్. మూకుట్లో పేలాలు వేగుతున్నట్టు, కానీ చాలా దూరంలో.

సాక్సు బిగుతుగా లేదేమో, తీగ వదులేమో అనుకున్నాను. కంప్యూటరులో 'శబ్దం తీసివేత' అని ఒక మీట ఉంది. చప్పుడున్న ముక్కను చూపిస్తే మొత్తంలోంచి దాన్ని తీసేస్తుంది. రెండుసార్లు నొక్కాను. పాట పాలలా శుభ్రమైంది. సాయంత్రం లైనులో పెట్టేశాను. ఇప్పటిదాకా చేసినవాటిలో ఇదే బాగుందని అందరూ అన్నారు.

మార్చి 15, ఆదివారం

తప్పు ఎక్కడుందో తెలియకుండా వదిలేస్తే నాకు అన్నం సహించదు. తీగ మార్చాను. ఇంకో సాకెట్లో పెట్టాను. సాక్సు తీసేశాను. మా ఇంట్లో గంటసేపు ఖాళీ గదిని రికార్డు చేశాను. పటుక్ లేదు. సత్తెక్క ఇంట్లో చేశాను. లేదు. రజితక్క ఇంటికెళ్ళి పాపను చూసే వంకతో అరగంట చేశాను.

ఉంది. ముప్పై నిమిషాల్లో నలభై ఒకటి. మైకు చెవుడు వైపు పైకి తిప్పితే తగ్గుతోంది, వినే వైపు పైకి తిప్పితే పెరుగుతోంది.

అప్పుడు తలెత్తి చూశాను. ఊయల మీద ఉన్న బొంత మధ్యలో కిందికి జారి ఉంది. వెలక్కాయలు మూటకట్టినట్టు ఉబ్బెత్తుగా.

"తాడు వదులైంది," అంది రజితక్క. "నిన్ననే ఇంకోటి కట్టిన."

"అందులో ఏముందక్కా?"

"ఏముంటది, సున్నం రాలి ఉంటది. మెల్లగ మాట్లాడు, లేస్తది."

బొంత లేకపోతే అవి రాలి నేల మీద పడేవి. రజితక్క పొద్దున ఊడుస్తూ చూసుకునేది. రాయి ఇచ్చే ప్రతి చిన్న గుర్తునూ ఆ బొంత ఒడి పట్టి దాచిపెడుతోంది. ఆ బొంత కట్టడం నేర్పింది నేను.

బాపు వచ్చాక హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టాను. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. తీసి బల్ల మీద పెట్టాడు.

"మా నాయిన దీన్ని కప్పు గొణుగుడు అంటుండె," అన్నాడు. "పొర పొర ఇడిపోతాంది బిడ్డా."

"ఎంత టైముంటది బాపూ?"

"గది రాయికే తెలుసు."

మార్చి 16, సోమవారం

బాపూ నేనూ ఓదేలు మామ దగ్గరికి వెళ్ళాం. ఆయన గదికీ బొంతలున్నాయి, పూలగుడ్డ అంచుతో. రికార్డింగు వినిపించాను. శ్రద్ధగానే విన్నాడు.

"పద్నాలుగో ఇల్లు ఈ పొద్దు ఏమన్నది?" అని పుస్తకం తెరిచాడు. "గట్టి. నిన్న? గట్టి. మొన్న? గట్టి. సూడు, నువ్వే సూడు."

"బొంత మీద తట్టి గట్టి అంటున్నరు మామా. నేను కూడా అట్లనే అన్న. నెల రోజుల సంది."

ఆయన ముఖం మారింది. అది కోపం కాదు, భయంలా అనిపించింది. ఒక్క క్షణం నమ్మాడనుకున్నాను.

"నువ్వు డొల్ల ఇన్నవా?"

"వినబడదు కదా! అదే చెప్తున్న."

"ఇననిది నేనెట్ల రాసుకుంట బిడ్డా? రాస్తె ముప్పై ఆరిళ్ళూ మూడు దినాలు గని బయటి పై వాలుకు ఎక్కాలె. ఆడ ఎండ ఎట్లుంటదో తెల్సా?"

నాకు తెలుసు. పన్నెండేళ్ళ కింద ఏడో ఇంటాయన తొందరపడి డొల్ల అన్నాడు. అందరూ ఎక్కారు. మూడో రోజు తట్టి చూస్తే రాయి గట్టిదే. ఈలోపు ఇద్దరు ఎండకు పోయారు. అందులో ఒకరు మా అమ్మ. అందుకే ఆ మాట మా గల్లీలో ఎవరి నోటికీ రాదు. బాపు నేల చూస్తూ నిలబడ్డాడు.

"మరి రజిత ఇంట్ల మేం పొయ్యి తట్టి సూస్తం," అన్నాడు చివరికి.

"ఎవలి కప్పు వాళ్ళే తట్టాలె, శంకరా. నీకు తెల్వదా? కింద పండేది వాళ్ళు. చెప్పాల్సింది వాళ్ళే."

మామ అలా పేరు పెట్టి పిలిచేసరికి బాపు తలుపు వైపు తిరిగాడు. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు అలవాటు చేసినవ్. నువ్వు చెప్తేనే ఇంటరు," అన్నాడు.

మార్చి 18, బుధవారం

ముందు మా బొంతలు విప్పేశాను. తట్టాను. ఖంగుమంది. నెల తర్వాత మొదటిసారి నిజంగా విని "గట్టి" అన్నాను. పక్కింటివాళ్ళు తలుపులోంచి చూసి, "చూసినవా, గట్టిగనే ఉన్నది, ఉత్తగనే భయపడ్డవ్," అన్నారు. మా రాయి గట్టిగా ఉండటం రజితక్క రాయి గురించి ఏమీ చెప్పదని ఎలా వివరించాలో తోచలేదు.

తర్వాత ఎపిసోడు రాశాను. నా దగ్గరున్న మంచి మాటలన్నీ అందులో పెట్టాను. 'శిలాగర్భంలో మెల్లగా విచ్చుకుంటున్న చీలిక' అని రాశాను. 'ఊయల మీద పొంచి ఉన్న బరువు' అని రాశాను. పద్నాలుగో ఇల్లు అని చెప్పాను. బొంతలు విప్పండి, తట్టండి, వినండి అని ముగించాను. వెనక ఆ పటుక్ చప్పుడును శుభ్రం చేయకుండా అలాగే ఉంచాను. ఎనిమిదిసార్లు చదివి రికార్డు చేశాను. నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు.

మార్చి 19, గురువారం

నీళ్ళ దగ్గర సత్తెక్క నన్ను చూడగానే బిందె కింద పెట్టేసింది.

"ఏం చెప్పినవే నిన్న! రోమాలు నిక్కవొడుచుకున్నయ్. వెనక ఆ పటుక్ పటుక్ ఎట్ల చేసినవే, పేలాలతోనా?"

"అది నిజంగనే రాయి చప్పుడక్కా."

"అబ్బో, మాకే చెప్తున్నవా!" అని అందరితో కలిసి నవ్వింది. "మరి తర్వాతేమైతది? కప్పు కూలుతదా, బిడ్డ బతుకుతదా? జర బిడ్డను మాత్రం చంపకు తల్లీ."

"సత్తెక్కా, కథ కాదు. ఒట్టు. మీ ఇంట్లో కూడా విప్పి తట్టు."

"విప్పుత విప్పుత. ముందు నువ్వు కథ అయిపగొట్టు."

ఇంటికొచ్చి మూడు వాక్యాల ఎపిసోడు పెట్టాను. ఏ అలంకారమూ లేదు. 'ఇది కథ కాదు. రజితక్క ఇంటి పైకప్పు పగులుతోంది. బొంతలు విప్పి తట్టండి.' పదహారు సెకన్లు.

సాయంత్రానికి నలుగురు అడిగారు, ఇంత చిన్నగా అయిపోయిందేం, లైను చెడిందా అని.

నెల పైగా వాళ్ళకు అలవాటు చేసింది నేనే. నా గొంతు వినబడితే చేతిలో పని చేసుకుంటూ హాయిగా వినాలని. ఇప్పుడు అదే గొంతుతో ఎంత అరిచినా హాయిగానే ఉంటుంది. మైకు మీద నాకు కోపం లేదు. అది తనకు వినబడిందంతా చెప్పింది. మాటల మీదే మొదటిసారి కోపం వచ్చింది.

మార్చి 20, శుక్రవారం

రజితక్క తలుపు తీయలేదు. సందులోంచే మాట్లాడింది.

"నా ఇల్లు పేరు వెట్టి ఊరందరికి చెప్తవా? నిన్నటి సంది అందరూ వచ్చి బిడ్డను సూసి పోతున్నరు, నాటకంల బిడ్డను సూసినట్టు. రెండుసార్లు లేచింది."

"తప్పయింది అక్కా. ఒక్కసారి బొంత దించి తట్టు. అంతే."

"దించితె ఆ చప్పుడుకు లేస్తది. మళ్ళ కట్టుటానికి పొద్దంత వడ్తది. అంతసేపు ఏడుస్తది. నాకు శాతనైతలేదు భూలచ్చీ. నువ్వు చిన్నపిల్లవు, నీకు తెల్వదు. నేను మూడు నెలలు పండుకోలేదు."

"మా ఇంట్లో పడుకోండి. గట్టిగుంది, ఈ పొద్దు కూడా తట్టిన."

"మీ ఇంట్ల బొంతలు తీసేసినవ్ గదా. ఆడ పండుకుంటదా ఇది?"

"మళ్ళీ కడత!"

 లోపలి నుంచి అలసిపోయిన గొంతు వినబడింది.

"కట్టమన్నది నువ్వే. తియ్యమన్నది నువ్వే. మళ్ళ కడ్త అంటున్నది నువ్వే. నేను ఎవల మాట ఇనాలె?"

  తలుపు సందులోంచి ఊయల కనిపించింది. దాని మీద బొంత ఆదివారం చూసినదానికంటే నాలుగు వేళ్ళు కిందికి దిగింది. మూడో తాడు కట్టి ఉంది.

మార్చి 21, శనివారం

మధ్యాహ్నం బాపు పైకి కబురు పంపించాడు, రజితక్క భర్తకు. జవాబు వచ్చింది: నెలాఖరుకు దిగుతాడు, అప్పుడు చూస్తాడు. ఓదేలు మామ ఎదురుపడి పక్కకు తప్పుకుని పోయాడు. ఆయన గదిలో పూల అంచు బొంత విప్పి ఉందని బాపు చెప్పాడు. ఆయన తన మటుకు తాను తట్టి చూసుకున్నాడన్నమాట. ఇంకెవరికీ చెప్పలేదు.

సాయంత్రం మైకు తీసుకోకుండా, ఏ కాగితమూ లేకుండా పద్నాలుగో ఇంటికి వెళ్ళాను. తలుపు ముందు కూర్చున్నాను. తలుపు తట్టలేదు. గంట పైనే అయింది. చివరికి రజితక్కే తలుపు తీసి నా పక్కన గడప మీద కూర్చుంది. పాప లోపల నిద్రపోతోంది.

"ఇయ్యాల పొద్దుగాల ఊయల్ల సున్నం పడ్డది," అంది నా వైపు చూడకుండా. "బొంత చిరిగినట్టుంది. ఇంతంత. దాని చెంప మీద."

 ఇప్పుడు నేను ఒక్క మాట ఎక్కువ మాట్లాడినా మళ్ళీ తలుపు వేస్తుందని తెలుసు.

"ఇప్పుడే దించుదామా అక్కా?"

"ఇప్పుడొద్దు. గిప్పుడే పండుకున్నది. రేపు." వేళ్ళతో లెక్క పెట్టుకున్నట్టు చూసింది. "రేపు కూతకు. దానంతట అది లేస్తెనే. లేపొద్దు. లేచినంక నువ్వు ఎత్తుకో, నేను ఒక్క మూల ఇప్పి తట్టి సూస్త. ఒక్క మూలనే."

"ఊయల అన్నా ఇటు గోడ దిక్కు జరుపుదాం."

"జరిపితె లేస్తది అంటున్న గదా."

అంతే. నాకు దొరికింది అంతే. బాపుతో చెబితే తల ఊపాడు. 

రేపు ఏం చేయాలో వరుసగా రాసుకుంటున్నాను. కూతకు గంట ముందే పద్నాలుగో ఇంటి గడప దగ్గర ఉండాలి. కర్ర రజితక్క చేతికే ఇవ్వాలి, నేను తట్టకూడదు. పాప లేవగానే ఎత్తుకుని ఇంట్లో నిలబడకుండా నేరుగా గల్లీలోకి, అక్కడి నుంచి మా ఇంటి ముందుకు రావాలి. ఒక్క మూల విప్పి మూడు తట్లు తట్టేదాకా పాప బయట ఉంటుంది. రజితక్క ఏమని అరిచినా, ఆమె బయటికి వచ్చేదాకా పాపను తిరిగి ఇవ్వకూడదు.

ఈ గల్లీలో అందరూ ఆ బిడ్డ ఇంకాసేపు పడుకోవాలని కోరుకుంటారు. రేపు పొద్దున అది తొందరగా లేచి, గట్టిగా ఏడవాలి.